మోటారు సైకిలుపై మలుపు తిరగడం

మోటారు సైకిలుపై మలుపు తిరగడం అనగా నడుస్తున్న బండిని మలుపు లోపలి వైపునకు వాల్చి, దాని దిశను అదుపులో ఉంచుకొంటూ మార్చే ప్రక్రియ. కారు, లారీ వంటి వాహనాలు ముందు చక్రాలను తిప్పినంత మాత్రాన మలుపు తిరుగుతాయి. మోటారు సైకిలు మాత్రం మనిషి నడిచేటంతటి నెమ్మది వేగంలో తప్ప, వాలకుండా మలుపు తిరగలేదు. అందువలన బండి నడపడంలో ఎక్కువ నేర్పు కోరే భాగం ఇదే. నేర్పు లేనివారికి ఎక్కువ ప్రమాదకరమైనదీ ఇదే.

భారత ప్రభుత్వ రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాలపై ప్రయాణించినవారే. ఇవన్నీ మలుపులలో జరిగినవి కావు. అయితే మలుపులో అదుపు తప్పే బండికి ఎదుటి వాహనమో, చెట్టో, లోయో ఎదురవుతుంది కనుక అక్కడ జరిగే పొరపాటుకు మూల్యం అధికం. సరైన శిక్షణ, శరీరానికి సరిగా అమరిన రక్షణ దుస్తులు ఈ ముప్పును తగ్గించడానికి తోడ్పడే రెండు ముఖ్య సాధనాలు.

భౌతిక సూత్రాలు

వాలు కోణం

వృత్తాకార మార్గంలో కదిలే ప్రతి వస్తువుకూ కేంద్రం వైపు లాగే అభికేంద్ర బలం కావాలి. మోటారు సైకిలుకు ఈ బలం టైరుకూ రోడ్డుకూ నడుమ గల ఘర్షణ నుంచి లభిస్తుంది. ఈ బలం బండిని అడుగు భాగాన లోపలికి నెడుతుంది కనుక, నిటారుగా ఉన్న బండి బయటి వైపునకు పడిపోవలసి ఉంటుంది. పడకుండా ఉండాలంటే గరిమనాభి లోపలి వైపునకు జరగాలి. అందుకే బండిని వాల్చవలసి వస్తుంది.

వాలు కోణపు టాంజెంటు విలువ, వేగపు వర్గాన్ని వక్రతా వ్యాసార్థం, గురుత్వ త్వరణం అనే రెండింటి లబ్ధంతో భాగించగా వచ్చే విలువకు సమానం. బండి బరువు ఈ సూత్రంలో లేదు. అనగా ఒకే మలుపులో ఒకే వేగంతో పోయే తేలిక బండికీ బరువైన బండికీ దాదాపు ఒకే వాలు అవసరం. టైరు వెడల్పు వలన నిజమైన వాలు లెక్కకన్నా కొద్దిగా ఎక్కువ ఉంటుంది. 30 మీటర్ల వ్యాసార్థం గల మలుపునకు లెక్క ఇలా ఉంటుంది:

* గంటకు 30 కి.మీ. వేగం - సుమారు 13 డిగ్రీలు
* గంటకు 40 కి.మీ. వేగం - సుమారు 23 డిగ్రీలు
* గంటకు 50 కి.మీ. వేగం - సుమారు 33 డిగ్రీలు
* గంటకు 60 కి.మీ. వేగం - సుమారు 43 డిగ్రీలు

వేగం 30 నుంచి 60కి, అనగా రెండింతలు పెరిగితే అవసరమైన ఘర్షణ బలం నాలుగింతలు అవుతుంది. 60 కి.మీ. వద్ద ఆ మలుపునకు కావలసిన ఘర్షణ గుణకం 0.94. పొడిగా ఉన్న మంచి తారు రోడ్డుపై మామూలు టైరుకు ఇది దొరకడం కష్టం. తడి రోడ్డుపై దాదాపు అసాధ్యం. నేరుగా ఉన్న రోడ్డుపై స్వల్పంగా తోచే 10 కి.మీ. తేడా మలుపులో ప్రాణాంతకం కావడానికి కారణం ఇదే.

పట్టు పంపకం

టైరు రోడ్డును పట్టుకొనే శక్తికి ఒక పరిమితి ఉంటుంది. ఆ శక్తినే మలుపు తిరగడానికీ, బ్రేకు వేయడానికీ, వేగం పెంచడానికీ పంచుకోవాలి. మొత్తం పట్టును 1 అనుకొంటే, మలుపునకు 0.8 ఖర్చైనప్పుడు బ్రేకుకు మిగిలేది 0.2 కాదు, 0.6. లంబకోణ త్రిభుజంలోని కర్ణం, భుజాల సంబంధమే ఇక్కడా వర్తిస్తుంది. మలుపునకు మొత్తం 1 ఖర్చైతే బ్రేకుకు ఏమీ మిగలదు. ఆ స్థితిలో బ్రేకును కొద్దిగా నొక్కినా చక్రం జారుతుంది. వెనుక చక్రం జారితే కొన్నిసార్లు సరిదిద్దుకోవచ్చును గాని, ముందు చక్రం జారితే తేరుకొనే వ్యవధి సాధారణంగా ఉండదు.

కౌంటర్ స్టీరింగ్

బండిని వాల్చడానికి హ్యాండిలును క్షణకాలం మలుపునకు వ్యతిరేక దిశలో తిప్పడాన్ని కౌంటర్ స్టీరింగ్ అంటారు. ఎడమకు తిరగాలంటే ఎడమ చేతి వైపు హ్యాండిలును ముందుకు నెట్టాలి. అప్పుడు ముందు చక్రం లిప్తపాటు కుడి వైపునకు కదులుతుంది. చక్రాలు బరువు కింద నుంచి కుడికి జరగడంతో బండి ఎడమకు వాలుతుంది. వాలిన తరువాత ముందు చక్రం దానంతట అదే మలుపు దిశకు తిరుగుతుంది.

సైకిలు తొక్కేవారు కూడా తెలియకుండానే ఇదే పని చేస్తారు. స్కాట్లండ్ ఇంజనీరు రాంకిన్ 1869లో ద్విచక్ర వాహనాల చలనంపై రాసిన వ్యాసాలలో దీనిని వివరించాడు. విమాన నిర్మాత విల్బర్ రైట్ కూడా ఈ సంగతిని గుర్తించాడు. సైకిలు తొక్కేవారిని ప్రశ్నిస్తే తాము ముందుగా వ్యతిరేక దిశకు తిప్పుతున్నామని వారు ఒప్పుకొనేవారు కారని ఆయన గమనించాడు.

తెలియకుండా చేసే పనికీ తెలిసి చేసే పనికీ అత్యవసర సమయంలో తేడా బయటపడుతుంది. అకస్మాత్తుగా అడ్డు వచ్చినప్పుడు కౌంటర్ స్టీరింగ్ తెలియనివారు హ్యాండిలును తప్పించుకోవలసిన వైపునకే తిప్పుతారు. బండి మాత్రం అందుకు వ్యతిరేకంగా, అడ్డంకి వైపే వాలుతుంది.

మలుపు తిరిగే క్రమం

శిక్షకులు సాధారణంగా మలుపును ఈ కింది దశలుగా విభజించి బోధిస్తారు:

* '''చూపు:''' బండి చూపు వెంట పోతుంది. ముందు చక్రానికి దగ్గరగా కాక, మలుపు బయటకు వచ్చే చోటు వైపు తల తిప్పి చూడాలి.
* '''వేగం, గేరు:''' బండి నిటారుగా ఉండగానే వేగం తగ్గించి, తగిన గేరులోకి మార్చాలి. మలుపు మధ్యలో గేరు మార్చడం, క్లచ్ పట్టి బండిని దొర్లించడం మంచిది కాదు.
* '''వాల్చడం:''' హ్యాండిలును స్థిరంగా, ఒకేసారి నెట్టి బండిని వాల్చాలి. మలుపు పొడుగునా కొద్దికొద్దిగా సవరించడం వలన పట్టు చెదురుతుంది.
* '''యాక్సిలరేటరు:''' బండి వాలి, దిశ కుదిరిన తరువాత యాక్సిలరేటరును మెల్లగా, ఎడతెగకుండా తెరవాలి. దీనివలన బరువు రెండు చక్రాల మధ్య సమంగా పంచబడి, సస్పెన్షను కుదురుగా ఉంటుంది.

నేర్పరులు వాల్చే సమయంలో కూడా ముందు బ్రేకును క్రమంగా సడలిస్తూ మలుపులోకి ప్రవేశిస్తారు. పట్టు పంపకం బాగా అలవడిన తరువాతనే ఈ పద్ధతిని నేర్పుతారు.

మలుపు ఎంత మెలికగా ఉన్నదో ముందుగా తెలుసుకోవడానికి బ్రిటన్ పోలీసు శిక్షణలో ఒక పద్ధతిని బోధిస్తారు. రోడ్డు కుడి, ఎడమ అంచులు దూరాన కలిసినట్లు కనిపించే బిందువును గమనించాలి. ఆ బిందువు దగ్గరకు వస్తూంటే మలుపు బిగుసుకొంటున్నదని, వేగం తగ్గించాలని అర్థం. దూరంగా జరుగుతూంటే మలుపు విప్పారుతున్నదని అర్థం. ఆ బిందువు లోపల బండిని ఆపగలిగినంత వేగమే సురక్షితమైన వేగం. గంటకు 50 కి.మీ. వేగంతో పోయే బండి, నడిపే వ్యక్తి తేరుకొనే ఒక్క సెకనులోనే సుమారు 14 మీటర్లు సాగుతుంది. ఆపై మంచి బ్రేకుతో ఆగడానికి మరో 16 మీటర్లు పడుతుంది. మొత్తం 30 మీటర్లు కనబడని మలుపులో ఆ వేగం తగదు.

శరీర స్థితి

మోకాళ్ళతో పెట్రోలు ట్యాంకును పట్టి, చేతులను వదులుగా ఉంచాలి. హ్యాండిలుపై బరువు వేసి బిగపట్టినవారు కౌంటర్ స్టీరింగ్ చేయలేరు. మలుపు లోపలి వైపునకు పైశరీరాన్ని కొద్దిగా వంచితే అదే వేగానికి బండి వాలు కొంత తగ్గుతుంది. పందేలలో మోకాలు నేలకు తగిలేటట్లు వేలాడడానికి మూలం ఇదే. 1970వ దశకంలో జార్నో సారినెన్, కెన్నీ రాబర్ట్స్ వంటి పందెగాళ్ళ వలన ఈ పద్ధతి ప్రసిద్ధి చెందింది. నేటి మోటోజీపీ పందేలలో బండ్లు 60 డిగ్రీలకు పైగా వాలుతాయి. వేడెక్కిన ప్రత్యేక టైర్లు, శుభ్రమైన ట్రాక్, ఎదురు వాహనాలు లేకపోవడం అందుకు ఆధారాలు. రోడ్డుపై ఈ మూడూ ఉండవు కనుక అక్కడ దానిని అనుకరించడం ప్రమాదకరం.

వెనుక కూర్చున్నవారు బండితో పాటే వాలాలి. భయపడి ఎదురు దిశకు ఒరిగితే బండిని మరింత వాల్చవలసి వస్తుంది. ఒక పక్కకు కాళ్ళు వేసి కూర్చున్నప్పుడు బరువు ఒకవైపు పడుతుంది కనుక మలుపుల వద్ద వేగం మరింత తగ్గించాలి. చీర కొంగు, చున్నీ చక్రంలో చిక్కుకోకుండా చూసుకోవాలి.

భయం వలన జరిగే పొరపాట్లు

మలుపు ప్రమాదాలలో బండి సామర్థ్యం చాలకపోవడం కన్నా, నడిపేవారు దానిని వినియోగించుకోలేకపోవడం తరచు కనిపిస్తుంది. వేగం ఎక్కువైనదని తోచగానే మనిషి సహజంగా చేసే పనులు మూడు. మొదటిది, యాక్సిలరేటరును ఒక్కసారిగా వదిలి బ్రేకును గట్టిగా నొక్కడం. రెండవది, చేతులు బిగుసుకుపోయి హ్యాండిలును కదల్చలేకపోవడం. మూడవది, దేనికి తగులుతామని భయపడుతున్నారో దానినే చూస్తూ ఉండిపోవడం. చూపు వెంట బండి పోతుంది కనుక, రాయిని చూస్తే రాయికే తగులుతుంది.

నేరుగా ముందుకు సాగే చోటు ఉంటే బండిని నిటారుగా చేసి, అప్పుడు బ్రేకు వేయాలి. చోటు లేకుంటే మలుపు చివరకు చూపు మళ్ళించి, లోపలి వైపు హ్యాండిలును ఇంకొంచెం నెట్టి వాలు పెంచాలి. ఫుట్‌రెస్టు నేలకు రాసుకొనే వరకు చాలా బండ్లు వాలగలవు. చాలామంది అందులో సగం కూడా వాడకుండానే రోడ్డు దాటిపోతారు. అయితే ఈ చర్య ప్రమాద సమయంలో ఆలోచించి చేయగలిగినది కాదు. ముందుగా సాధన చేసి ఉంటేనే అది చేతికి వస్తుంది.

ఘాట్ రోడ్లపై మలుపులు

తెలుగు ప్రాంతాలలో తిరుమల, శ్రీశైలం, అరకు, మారేడుమిల్లి ఘాట్ రోడ్లు మలుపులకు పేరుపొందాయి. తిరుమలలో ఎక్కడానికీ దిగడానికీ వేర్వేరు రోడ్లు ఉన్నాయి. మిగిలిన చోట్ల రెండు దిశల వాహనాలూ ఒకే రోడ్డుపై నడుస్తాయి. భారతదేశంలో ఎడమ వైపు నడపాలి కనుక, ఎడమ మలుపులో వేగం ఎక్కువైన బండి ఎదురుగా వచ్చే వాహనం మీదికి పోతుంది. కుడి మలుపులో అది రోడ్డు ఎడమ అంచు దాటుతుంది. కుడి మలుపులో చక్రాలు గీతకు ఇవతలే ఉన్నా, వాలిన వ్యక్తి తల గీతకు అవతల ఉండవచ్చును. ఎదురుగా వచ్చే బస్సుకు అది తగిలే ప్రమాదం ఉన్నది. పందెగాళ్ళు రోడ్డు మొత్తం వెడల్పును వాడుకొంటూ మలుపు తిరిగే పద్ధతి ఈ కారణం చేత రోడ్డుపై పనికిరాదు.

భారతీయ రోడ్డు ప్రమాణాలలో హెయిర్‌పిన్ మలుపునకు కనీస వేగం 20 కి.మీ.గా, లోపలి అంచు కనీస వ్యాసార్థం 14 మీటర్లుగా నిర్దేశించారు. ఇంత మెలికలో గంటకు 35 కి.మీ. వేగానికే సుమారు 35 డిగ్రీల వాలు అవసరమవుతుంది. దిగేటప్పుడు బరువు ముందు చక్రంపై పడుతుంది కనుక, బండిని తక్కువ గేరులో ఉంచి ఇంజను నిరోధాన్ని వాడుకోవాలి. బండిని న్యూట్రలులో వదలరాదు. వానకు కొట్టుకువచ్చిన కంకర, లారీల నుంచి కారిన డీజిలు, రాలిన ఆకులు, పల్లెల వద్ద రోడ్డుపై ఆరబోసిన ధాన్యం మలుపులో పట్టును హఠాత్తుగా తగ్గిస్తాయి.

శిక్షణ

అమెరికాలో హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటారు సైకిలు ప్రమాదాలను స్వయంగా పరిశీలించి 1981లో నివేదిక ప్రచురించింది. ప్రమాదానికి లోనైనవారిలో 92 శాతం మంది సొంతంగా గాని, కుటుంబ సభ్యులు, మిత్రుల వద్ద గాని బండి నేర్చుకొన్నవారే. వేరే వాహనం ప్రమేయం లేని ప్రమాదాలలో మూడింట రెండు వంతులు నడిపేవారి పొరపాటు వలన జరిగినవి. అతిగా బ్రేకు వేసి జారిపడడం, వేగం వలన గాని చాలినంత వాల్చకపోవడం వలన గాని మలుపులో బయటకు పోవడం వాటిలో సాధారణమైన పొరపాట్లు.

అమెరికాలో మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ 1973లో ఏర్పడింది. బ్రిటన్‌లో 1990లో ప్రాథమిక శిక్షణను తప్పనిసరి చేశారు. మలుపులకే ప్రత్యేకించిన శిక్షణకు కీత్ కోడ్ 1980లో స్థాపించిన కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ పేరు పొందింది. శరీరం వంచినంత మాత్రాన బండి తిరగదని నిరూపించడానికి ఆయన కదలని అదనపు హ్యాండిలు అమర్చిన బండిని ఉపయోగించాడు. ఈ సంస్థ చెన్నై సమీపంలోని ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌పై కూడా శిక్షణ ఇచ్చింది.

భారతదేశంలో చాలా ఆర్టీవో కార్యాలయాల పరీక్షలో అభ్యర్థి '8' ఆకారంలో బండి నడపాలి. ఇది నెమ్మది వేగంలో సమతౌల్యాన్ని పరీక్షిస్తుంది. 40 కి.మీ. పైబడిన వేగంలో వాల్చడాన్ని, మలుపు ముందు వేగం అంచనా వేయడాన్ని పరీక్షించదు. కనుక లైసెన్సు పొందడాన్ని నేర్చుకోవడానికి ఆరంభంగానే భావించాలి.

ఖాళీ మైదానంలో ఈ కింది సాధనలు చేయవచ్చును:

* వరుసగా పెట్టిన గుర్తుల నడుమ గంటకు 25-30 కి.మీ. వేగంతో కుడి, ఎడమ హ్యాండిళ్ళను మార్చి మార్చి నెట్టడం
* పెద్ద వృత్తంలో స్థిర వేగంతో తిరుగుతూ, చూపును పావు వృత్తం ముందుకు ఉంచడం
* నేరుగా పోతూ ముందు బ్రేకును క్రమంగా పిండి, చక్రం జారకుండా ఆపడం

శిక్షణ వలన ప్రమాదాలు ఎంత తగ్గుతాయనే విషయంపై 2010లో వెలువడిన కోక్రేన్ సమీక్ష, అప్పటి అధ్యయనాల నాణ్యత చాలనందున ఏ శిక్షణ ఉత్తమమో తేల్చలేమని పేర్కొన్నది. నైపుణ్యం పెరిగినవారు అదే నిష్పత్తిలో వేగాన్ని పెంచితే ప్రయోజనం కరిగిపోతుంది. కనుక మంచి శిక్షణలో చేతి నేర్పుతో పాటు వేగంపై నిగ్రహాన్నీ అలవరుస్తారు.

రక్షణ దుస్తుల అమరిక

రక్షణ దుస్తులు పడినప్పుడు కాపాడడమే కాక, పడకుండా నడపడానికీ తోడ్పడతాయి. కళ్ళ మీదికి జారే హెల్మెట్టుతో మలుపు చివర కనబడదు. జారే చేతితొడుగులతో బ్రేకును కొలతగా నొక్కడం సాధ్యం కాదు.

* '''హెల్మెట్టు:''' కనుబొమలకు కొంచెం పైన తల చుట్టుకొలతను బట్టి ఎంచుకోవాలి. కొత్తదానిలో బుగ్గలు కొద్దిగా నొక్కుకోవాలి. తల ఊపితే హెల్మెట్టు విడిగా కదలరాదు. గడ్డం పట్టీ కట్టిన తరువాత వెనుక నుంచి పైకి లాగితే ఊడి రాకూడదు. పట్టీ కట్టని హెల్మెట్టు పడిన క్షణంలోనే ఎగిరిపోతుంది. ఒకసారి గట్టి దెబ్బ తగిలినదానిని మరల వాడరాదు.
* '''జాకెట్టు, ప్యాంటు:''' నిలబడి కాక, బండిపై కూర్చొని చూసుకోవాలి. మోచేయి, భుజం, మోకాలి రక్షణ పలకలు వంగిన స్థితిలో కూడా వాటి చోటనే ఉండాలి. వదులైన జాకెట్టులో పలక పక్కకు తిరిగిపోతుంది. మరీ బిగుతుదైతే శరీరాన్ని కదలనీయదు. వేసవి ఎండలకు గాలి ఆడే జాలీ జాకెట్లు అనువైనవి.
* '''చేతితొడుగులు:''' వేళ్ళ చివర అదనపు బట్ట ఉండరాదు. మణికట్టు వద్ద పట్టీ ఉండాలి.
* '''బూట్లు:''' చీలమండను కప్పాలి. గేరు కింద సులభంగా దూరాలి. లేసులను లోపలికి మడిచి ఉంచాలి.

2008 నాటి కోక్రేన్ సమీక్ష ప్రకారం హెల్మెట్టు మరణ ప్రమాదాన్ని సుమారు 42 శాతం, తల గాయాల ప్రమాదాన్ని సుమారు 69 శాతం తగ్గిస్తుంది. ఆస్ట్రేలియాలో ప్రమాదాలకు గురైన 212 మందిపై జరిపి 2011లో ప్రచురించిన అధ్యయనంలో రక్షణ దుస్తులు ధరించినవారు ఆసుపత్రిలో చేరవలసిన అవసరం తక్కువగా కనిపించింది. అదే అధ్యయనంలో పావు వంతుకు పైగా జాకెట్లు, చేతితొడుగులు ప్రమాదంలో చిరిగిపోయినట్లు కూడా తేలింది. కనుక దుస్తుల కొలతతో పాటు నాణ్యత కూడా ముఖ్యం.

భారతదేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను హెల్మెట్టును తప్పనిసరి చేసింది. హెల్మెట్లకు ఐఎస్ 4151 ప్రమాణం వర్తిస్తుంది. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని ద్విచక్ర వాహన హెల్మెట్ల తయారీ, అమ్మకం నిషేధించబడ్డాయి. 2022లో హెల్మెట్టు ధరించని 50,029 మంది రోడ్డు ప్రమాదాలలో మరణించారు. వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు.

బండి స్థితి

టైర్లలో గాలిని బండి నడపక ముందు, చల్లగా ఉన్నప్పుడు చూడాలి. కొత్త టైర్ల పైపొర నునుపుగా ఉంటుంది కనుక మొదటి 100 నుంచి 150 కి.మీ. వరకు ఎక్కువగా వాల్చరాదు. నడుమ అరిగి చదునైన టైరు వాలేటప్పుడు కుదురుగా ఉండదు. సైడు స్టాండు తీయకుండా బయలుదేరితే మొదటి ఎడమ మలుపులోనే అది నేలకు తగిలి బండిని పడవేయవచ్చును.

భారతదేశంలో 125 సీసీ మించిన కొత్త మోడళ్ళకు 2018 ఏప్రిల్ నుంచి, అంతకు ముందు నుంచి ఉన్న మోడళ్ళకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయినది. ఏబీఎస్ చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది. అయితే సాధారణ ఏబీఎస్ బండి వాలును గుర్తించలేదు. వాలును కూడా లెక్కలోకి తీసుకొనే వ్యవస్థ 2014 మోడలు కేటీఎం 1190 అడ్వెంచర్ బండితో వాడుకలోకి వచ్చింది. ఏ వ్యవస్థ అయినా టైరుకు ఉన్న పట్టును సద్వినియోగం చేయగలదే గాని, లేని పట్టును సృష్టించలేదు. అందువలన మలుపునకు ముందు వేగాన్ని తగ్గించుకోవలసిన బాధ్యత నడిపేవారిదే.